సుబ్రత మిత్ర, బౌన్స్ లైటింగ్, బెనారస్ ఇంటి ముంగిలి

ప్రశ్న: "షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటాను. బౌన్స్ లైటింగ్ కనిపెట్టింది సుబ్రత మిత్ర అని చాలాచోట్ల చదివాను. తర్మకోల్ మీద లైటు కొట్టి ముఖం మీదికి తిప్పడం ఇవాళ ప్రతి సెట్‌లోనూ చేసేదే కదా, అందులో అంత గొప్పేముంది? ఆయన కెరీర్, పనితనం గురించి కాస్త వివరంగా చెప్పగలరా? నాలాంటివాడు ఏ సినిమాతో మొదలుపెట్టాలి? ఏం లైట్లు కొనుక్కోవాలి?"

తేలిక ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. వెలుతురును తెల్లటి దాని మీద కొట్టి వెనక్కి తిప్పడం అనేది ఏ ఒక్కరూ కనిపెట్టింది కాదు. అవుట్‌డోర్‌లో వెండి కాగితం అంటించిన రిఫ్లెక్టర్లతో ఎండను తిప్పడం మూకీల కాలం నుంచీ ఉంది. స్టిల్ ఫొటోగ్రాఫర్లు ఫ్లాష్‌ను సీలింగ్ మీదికి కొట్టేవారు. సత్యజిత్ రాయ్ సినిమాలకు కెమెరామన్‌గా పనిచేసిన మిత్ర చేసిన పని వేరు. స్టూడియో ఫ్లోర్ లోపల వేసిన సెట్‌లో, పైకప్పు లేని ముంగిట్లోకి ఆకాశం నుంచి దిగే నీడల్లేని వెలుతురును లైట్లతో పుట్టించాడు. అది సెట్ అని చూసేవాడికి అనుమానం రాకుండా నిలబెట్టాడు. ఆ సినిమా 1956లో వచ్చిన 'అపరాజితో'. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఫిల్మ్ రోజుల్లో చేరి, డిజిటల్ వచ్చాక కూడా చాలాకాలం పనిచేశాను. కాబట్టి ఇది గొప్పా కాదా అన్నది సెట్ మీద నిలబడినవాడి వైపు నుంచి చెబుతాను. అందుకు ముందు, అప్పట్లో మిగతావాళ్ళు ఎలా లైటింగ్ చేసేవారో తెలియాలి.

ఆ రోజుల్లో స్టూడియో సెట్ చుట్టూ పైన పలకలు కట్టి, వాటి మీద పెద్ద లైట్లు వరసగా పెట్టేవారు. ఒక్కో లైటు దగ్గర ఒక లైట్‌మ్యాన్ చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. హీరో ముఖానికి ఒక కీ లైట్, రెండో చెంపకు ఫిల్ లైట్, జుట్టు చుట్టూ మెరుపు గీత రావడానికి వెనక నుంచి బ్యాక్ లైట్, గోడకు వేరే లైటు. అన్నీ నేరుగా కొట్టేవే, కరుకు వెలుతురే. మనిషి గదిలో అటు నుంచి ఇటు నడిస్తే గోడ మీద రెండు మూడు నీడలు వెంటపడేవి. మిట్టమధ్యాహ్నం సీన్ అయినా, దీపం పెట్టాక వచ్చే సీన్ అయినా ముఖం మీద వెలుతురు మాత్రం ఒకటే తీరు.

ఇదంతా తెలివిలేక చేసింది కాదు, అర్థం చేసుకోవాలి. కొడాక్ ప్లస్-ఎక్స్ లాంటి నెగటివ్ స్పీడు, అంటే వెలుతురును పట్టుకునే శక్తి, అప్పట్లో 80 దగ్గర ఉండేది. మీ చేతిలో ఉన్న డిజిటల్ కెమెరా చాలావరకు 800 దగ్గర మొదలవుతుంది. అంటే పది రెట్ల తేడా. అంత నిదానమైన నెగటివ్ మీద బొమ్మ పడాలంటే లైటు నేరుగా కొట్టాల్సిందే. పైగా స్టార్ల ముఖాలు మెరవాలి, ప్రింట్ టౌన్లు తిరిగి తిరిగి అరిగిపోయినా బొమ్మ కనపడాలి.

ఆ పద్ధతిలోనే అద్భుతాలు చేసినవాళ్ళున్నారు. మన మార్కస్ బార్ట్లే సంగతే చూడండి. 'అపరాజితో' వచ్చిన మరుసటి ఏడాది, 1957లో, 'మాయాబజార్' వచ్చింది. 'లాహిరి లాహిరి' పాటలో ఆ వెన్నెల బార్ట్లే పుట్టించిందే. ద్వారక నగరం అంతా చిన్న చిన్న ఇళ్ళ మోడల్, దాన్ని ఆయన వెలిగించిన తీరు చూసి ఇప్పటికీ నోరు వెళ్ళబెడతాం. అయితే ఆ సినిమాలో ఈ వెలుతురు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అడగాల్సిన పనీ లేదు, పేరులోనే మాయ ఉంది. మిత్ర చేతిలో పడిన కథలో హరిహర్ అనే పేద పురోహితుడు, అతని భార్య సర్బజయ, కొడుకు అపు. కాశీలో ఒక ఇరుకు ఇంటి కింది అంతస్తులో అద్దెకుంటారు. అక్కడ వెలుతురు అబద్ధం చెబితే కథే అబద్ధమైపోతుంది. ఎవరు గొప్ప అనే పోటీ వీళ్ళిద్దరి మధ్య పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఎవరి కథకు కావలసింది వాళ్ళు చేశారు.

ఇక మనిషి గురించి. సుబ్రత మిత్ర 1930 అక్టోబరు 12న కలకత్తాలో, మధ్యతరగతి ఇంట్లో పుట్టాడు. స్కూల్లో చదివే రోజుల్లోనే ఆదివారాలు సైకిలు వేసుకుని ఇంగ్లీషు సినిమాలకు పోయేవాడు. డేవిడ్ లీన్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కు గై గ్రీన్, 'ద థర్డ్ మ్యాన్'కు రాబర్ట్ క్రాస్కర్ చేసిన ఛాయాగ్రహణం ఆ కుర్రాడి బుర్రలో పడిపోయాయి. కాలేజీకి వచ్చేసరికి ఆర్కిటెక్ట్ అవ్వాలా, కెమెరామన్ అవ్వాలా అన్న రెండే దారులు. అసిస్టెంట్‌గా చేరదామంటే ఎవరూ తీసుకోలేదు. బీఎస్సీలో చేరాడు.

అప్పుడు ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా 'ద రివర్' తీయడానికి కలకత్తా వచ్చాడు. టెక్నికలర్ సినిమా. కెమెరామన్ ఆయన అన్న కొడుకు క్లోద్ రెన్వా. మిత్ర అక్కడా పని అడిగాడు, దొరకలేదు. చివరికి తండ్రి వెంటబెట్టుకుని వెళ్ళి మాట్లాడితే, షూటింగ్ చూడటానికి మాత్రం ఒప్పుకున్నారు. ఇవాళ సెట్‌కు వచ్చే కుర్రాళ్ళయితే సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు. ఇతను నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. ప్రతి షాట్‌కూ బొమ్మ గీసేవాడు. కెమెరా ఎక్కడ, నటులు ఎటు నుంచి ఎటు నడిచారు, ఏ లైటు ఎక్కడ, ఎంత ఎత్తులో, దాని ముందు ఏం పెట్టారు. ఒక సీన్ మళ్ళీ తీయాల్సి వచ్చినప్పుడు, అప్పుడు లైటింగ్ ఎలా ఉందో సరిచూసుకోవడానికి క్లోద్ రెన్వాయే ఈ కుర్రాడి నోట్స్ అడిగి తీసుకున్నాడంటారు.

మిత్ర కెరీర్ మొత్తంలో మీరు కాపీ కొట్టదగ్గది ఏదైనా ఉంటే ఆ నోట్‌బుక్కే. ఫోన్‌లో సెట్ ఫొటో తీసుకుంటే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. ఫొటోలో లైటు ఉన్నచోటు కనపడుతుంది, దాన్ని అక్కడ ఎందుకు పెట్టారో కనపడదు. చేత్తో బొమ్మ గీస్తున్నప్పుడు ప్రతి లైటు దగ్గరా ఆగాల్సి వస్తుంది, ఇది లేకపోతే ఏం పోతుంది అని ఆలోచించాల్సి వస్తుంది.

ఆ షూటింగ్ పరిచయాల్లోనే ఆర్ట్ డైరెక్టర్ బన్సీ చంద్రగుప్త, అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలేసే సత్యజిత్ రాయ్ స్నేహితులయ్యారు. రాయ్ ఉద్యోగం చేసుకుంటూ సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు, మిగతా రోజుల్లో ఏం జరిగిందో మిత్ర చెప్పేవాడు. 1952లో 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేటప్పుడు రాయ్ ఆ ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడినే కెమెరామన్ అన్నాడు. అంతకుముందు అతను సినిమా కెమెరా నడిపింది లేదు. రాయ్ కూడా అంతకుముందు సినిమా తీసింది లేదు. డబ్బు అయిపోయినప్పుడల్లా ఆగిపోతూ, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే పూర్తయి, 1955లో విడుదలైంది. కలకత్తా పక్కన బోరాల్ అనే పల్లెలో పగటి సీన్లన్నీ ఉన్న వెలుతురులోనే తీశారు. ఇంకో ముచ్చట. మిత్రకు సితార్ వచ్చు. సంగీతం చేసిన రవిశంకర్ ఊళ్ళో లేక మిగిలిపోయిన కొన్ని ముక్కలకు సితార్ వాయించింది ఈ కెమెరామనే. మిఠాయిలవాడి వెంట పిల్లలు, కుక్క వరసగా నడిచే సీన్ చూసేటప్పుడు ఆ సంగీతం ఒకసారి విడిగా వినండి.

ఇప్పుడు అసలు సంగతి, కాశీ ఇల్లు.

ఆ ఇంటి ప్లాన్ మన మండువా లోగిలి లాంటిది. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ ఎత్తయిన గోడలు, ముంగిట్లోకి తెరుచుకునే గదులు. మండువాలో పెరిగినవాళ్ళకు ఆ వెలుతురు బాగా తెలుసు. సూర్యుడు నడినెత్తిన ఉన్న కాసేపు తప్ప ఎండ నేరుగా కిందికి దిగదు. మిగతా రోజంతా పై నుంచి మెత్తటి వెలుతురు, ఎటు చూసినా నీడ గీత ఉండదు. ముంగిలి నుంచి గదిలోకి రెండడుగులు వేస్తే ముఖం సగం మసకబారుతుంది, నాలుగడుగులు వేస్తే చీకటి.

ఆ ఇంటిని మొదట బయటే, ఆకాశం కింద కట్టాలని మిత్ర కోరిక. వానాకాలం దగ్గరపడుతోంది, బయట సెట్ వేస్తే తడిసి పోతుంది, స్టూడియో లోపలే వేస్తానని బన్సీ చంద్రగుప్త పట్టుబట్టాడు. మిత్ర ఆయనతోనూ రాయ్‌తోనూ వాదించాడు. లోపల వేస్తే ఆకాశపు వెలుతురు రాదు, ఎంత బాగా చేసినా దొంగతనం దొరికిపోతుందని. వాదనలో ఓడిపోయాడు. సెట్ లోపలే వేశారు. అప్పుడు ఆయన ముంగిలి పైన, ఆకాశం ఉండాల్సిన చోట, తెల్లటి గుడ్డ పరచి బిగించాడు. స్టూడియో లైట్లను కిందికి కాకుండా ఆ గుడ్డ వైపు, పైకి తిప్పాడు. గుడ్డ మీద పడిన వెలుతురు కిందికి దిగింది.

అది ఎందుకు పనిచేస్తుందో మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రి బల్బు కింద తెల్ల కాగితం పెట్టి, దాని పైన జానెడు ఎత్తులో అరచేయి పెట్టండి. నీడ అంచు దాదాపు కత్తితో కోసినట్టు పడుతుంది. పగలు ఎండ పడని పెద్ద కిటికీ దగ్గర అదే చేయండి. నీడ ఉంటుంది కానీ అంచు దొరకదు. వెలుతురు చిన్న చోటు నుంచి వస్తే చేయి దాన్ని పూర్తిగా అడ్డుకుంటుంది. పెద్ద చోటు నుంచి వస్తే ఒక మూల నుంచి వచ్చేదాన్ని అడ్డుకున్నా, ఇంకో మూల నుంచి వచ్చేది ఆ నీడలోకి జొరబడుతుంది. కాబట్టి ఇక్కడ లెక్కకొచ్చేది గుడ్డ తెలుపు కంటే గుడ్డ వెడల్పు. ముఖం పక్కన మూరెడు తర్మకోల్ ముక్క పట్టుకోవడానికీ, ముంగిలి అంత గుడ్డ పరచడానికీ తేడా అదే. మీరు ప్రశ్నలో చెప్పింది మొదటిది. ఆయన చేసింది రెండోది.

పెద్ద గుడ్డతో ఇంకో లాభం ఉంది. చిన్న లైటు దగ్గరగా పెడితే నటి ఒక్క అడుగు ముందుకు వేసినా ముఖం తెల్లబోతుంది, వెనక్కి వేస్తే నల్లబడుతుంది. అందుకే పాత సినిమాల్లో నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడే నిలబడమ్మా" అనేవారు. ముంగిలంతా ఒకే ఆకాశం కింద ఉంటే సర్బజయ నీళ్ళు మోయొచ్చు, వంగి గిన్నెలు తోమొచ్చు, గుమ్మం దాకా పరిగెత్తొచ్చు. ఎటు తిరిగినా వెలుతురు సరిగానే ఉంటుంది. కెమెరా ఏ వైపు పెట్టినా పైన ఉన్న లైట్లన్నీ మార్చుకోనక్కర్లేదు. ఆ సినిమాలో నటన నటనలా కనపడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. దీన్ని విమర్శకులు పెద్దగా పట్టించుకోరు, లైట్‌మ్యాన్లను అడిగితే చెబుతారు.

ఇక ఖర్చు సంగతి. నేరుగా కొట్టే లైటును గుడ్డ మీద కొట్టి తిప్పితే తేలిగ్గా రెండు మూడు స్టాపుల వెలుతురు పోతుంది, ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమైపోతుంది. అంటే అంతే ఎక్స్‌పోజర్ కావాలంటే నాలుగు నుంచి ఎనిమిది రెట్ల లైట్లు పెట్టాలి. అన్ని లైట్లు ఏ పేద బెంగాలీ సినిమాకు దొరుకుతాయి? కాబట్టి లెన్స్ బాగా తెరవాలి. లెన్స్ తెరిస్తే ఫోకస్ లోతు తగ్గిపోతుంది. నటి తల ముందుకు వంచితే కళ్ళు ఫోకస్ తప్పుతాయి. షాట్ నడుస్తుండగా ఫోకస్ తిప్పుతుండే ఫోకస్ పుల్లర్‌కు టెన్షన్. మానిటర్ లేని రోజులు, ఫోకస్ తప్పిందన్న సంగతి రష్, అంటే తీసిన షాట్ల తొలి ప్రింటు, వేసి చూస్తేగానీ తెలియదు. ఇంత తలనొప్పి కొని తెచ్చుకుని ఒక పాతికేళ్ళ కుర్రాడు, "లేదు, ఈ ఇంట్లో వెలుతురు ఇలాగే ఉంటుంది" అన్నాడు. మీరడిగిన గొప్ప అక్కడ ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని బౌన్స్ మోజులో పడిన కుర్రాళ్ళు మర్చిపోతారు. మెత్తటి వెలుతురు ఊరుకోదు, అన్నిచోట్లకూ పాకుతుంది. ముఖం ఎంత వెలిగిందో వెనక గోడ కూడా అంతే వెలుగుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో అయితే అంతా ఒకే బూడిద రంగు ముద్ద. దాన్ని కాపాడాలంటే గోడ రంగు, బట్టల రంగు, గుమ్మం లోపలి చీకటి ముందే లెక్క కట్టుకోవాలి. ఇది కెమెరామన్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఆర్ట్ డైరెక్టర్ కావాలి. మిత్రకు బన్సీ చంద్రగుప్త ఉన్నాడు. గోడ మీద తేమ మరక, సున్నం పెచ్చులు ఎక్కడుండాలో తెలిసిన మనిషి. వాళ్ళ వాదన గురించి రాసినప్పుడు బన్సీని అడ్డంకిలా చూపిస్తుంటారు. నాకు అలా అనిపించదు. ఆయన మొండిగా సెట్ లోపల వేయకపోతే ఆ గుడ్డ ఆలోచనే వచ్చేది కాదు, ఆయన గోడలు లేకపోతే ఆ వెలుతురు వాలడానికి చోటూ ఉండేది కాదు.

తర్వాతి కాలంలో, ఇంగ్మార్ బెర్గ్‌మన్ కెమెరామన్ స్వెన్ నిక్విస్ట్ 1961లో 'త్రూ ఎ గ్లాస్ డార్క్‌లీ'కి బౌన్స్ లైటింగ్ మొదలుపెట్టాడని అమెరికన్ పత్రికలో వస్తే, మేం అంతకు ఏళ్ళ ముందు నుంచే చేస్తున్నాం అని రాయ్ ఇంటర్వ్యూలో అన్నాడు. తేదీలు చూస్తే రాయ్ మాట నిజం. నిక్విస్ట్ చూసి కాపీ కొట్టాడని మాత్రం ఎవరూ అనలేరు. స్వీడన్ చలికాలపు వెలుతురును గంటల తరబడి చూస్తూ కూర్చున్న మనిషి తన దారిలో తను అక్కడికి చేరాడు.

మిత్ర అంటే బౌన్సే అనుకుంటే అన్యాయం. 'జల్సాఘర్' చూడండి, 1958లో వచ్చింది. శిథిలమైపోతున్న జమీందారు, అతని సంగీత మందిరం, దాని నడుమ వేలాడే పెద్ద షాండ్లియర్. అక్కడ వెలుతురు దీపాలది. కాబట్టి చీకట్లు లోతుగా ఉంటాయి, వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. చివర్లో దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే జమీందారు బెదిరిపోయే సీన్‌లో మెత్తదనం వెతికినా దొరకదు. అదే మనిషి, మధ్యలో రెండేళ్ళే తేడా. ఆయన ఏ సినిమా తీసుకున్నా ముందు వేసుకున్న ప్రశ్న ఒకటే, ఈ చోట వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? ఆకాశం నుంచి వస్తే ఆకాశం కట్టాడు, దీపం నుంచి వస్తే దీపంలా చేశాడు.

రంగుల్లో మొదటి పరీక్ష 1962లో 'కాంచన్‌జంఘా'. డార్జిలింగ్‌లో ఒక సాయంత్రం నడకలో జరిగే కథ. కాసేపు ఎండ, కాసేపు మబ్బు, కాసేపు పొగమంచు. కథలో మనసులు మారే వరసకు ఆ వాతావరణం సరిపోయేలా రాసుకున్నారు, మంచు వస్తే మంచు సీన్లు, ఎండ వస్తే ఎండ సీన్లు పరిగెత్తి తీశారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని 'చారులత', 1964. కథాకాలం పంతొమ్మిదో శతాబ్దం, కలకత్తాలో ఒక డబ్బున్న ఇల్లు. లోపల పూల డిజైన్ల గోడలు, పెద్ద మంచం, పియానో. మొదటి నిమిషాల్లో చారు చేతిలో చిన్న బైనాక్యులర్ పట్టుకుని, కిటికీ చెక్కల సందుల్లోంచి వీధిలో పోయేవాళ్ళను చూస్తూ ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి నడుస్తుంది. బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల చల్లటి మసక. ఆ ఇల్లంతా సెట్. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ముఖం మీద పడే వెలుతురు, దూరం జరిగినప్పుడు తగ్గే తీరు చూడండి. నాకు తెలిసినంతలో మన దేశంలో ఆ రోజుల్లో అంత నిజాయితీగా వెలిగించిన ఇల్లు లేదు. ఆ సినిమాకు ఇళ్ళలో వాడే మామూలు బల్బుల్ని చెక్క పెట్టెల్లో బిగించి సొంతంగా లైట్లు తయారుచేయించుకున్నాడని చెబుతారు. ఇవాళ మీరు అద్దెకు తెచ్చుకునే సాఫ్ట్‌బాక్స్ చేసే పని అదే. తోటలో ఉయ్యాల షాట్ అందరికీ తెలుసు, చారు ముఖం ఫ్రేములో కదలదు, వెనక లోకం ఊగుతుంది.

1966లో 'నాయక్', చాలాభాగం రైలు పెట్టెలో జరుగుతుంది. ఆ పెట్టె కూడా స్టూడియోలో వేసిందే. దాని తర్వాత రాయ్‌తో ఇక పని చేయలేదు. పది సినిమాలు కలిసి చేశారు. విడిపోవడానికి కారణాలు రకరకాలుగా చెబుతారు. నాకు కనపడేది ఇది. 'చారులత' నుంచి రాయ్ తనే కెమెరా వెనక కూర్చుని ఆపరేట్ చేయడం మొదలుపెట్టాడు. మిత్రకేమో ప్రతి షాట్ తను అనుకున్నట్టు వచ్చేదాకా నిదానంగా చేసే అలవాటు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, కానీ ఒక కెమెరాకు ఇద్దరు యజమానులు ఎక్కువకాలం నడవదు. మధ్యలో కంటి జబ్బు వల్ల 1961లో 'తీన్ కన్యా' చేయలేకపోతే అసిస్టెంట్ సౌమేందు రాయ్ చేశాడు. తర్వాత రాయ్ కెమెరామన్‌గా స్థిరపడింది కూడా ఆయనే.

బయట మిత్ర చేసినవి లెక్కకు తక్కువే. ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీ జంటకు నాలుగు: 'ద హౌస్‌హోల్డర్', 'షేక్స్‌పియర్ వాలా', 'ద గురు', 'బాంబే టాకీ'. హిందీలో 1966లో రాజ్ కపూర్, వహీదా రెహమాన్ నటించిన 'తీస్రీ కసమ్'. చాలా ఏళ్ళ తర్వాత, శశి కపూర్ జర్నలిస్టుగా చేసిన 'న్యూఢిల్లీ టైమ్స్'కు జాతీయ అవార్డు వచ్చింది. రాజీపడని మనిషి అని పేరు పడ్డాక నిర్మాతలు దూరంగా ఉంటారు, అది మన ఇండస్ట్రీలోనూ చూస్తూనే ఉన్నాం. దీన్ని కొందరు త్యాగంలా పొగుడుతారు. నేను పొగడను. అలాంటి చెయ్యి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటం మన సినిమాకు నష్టమే. 1997 నుంచి కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాడు, 2001 డిసెంబరులో పోయేదాకా. పిల్లలకు అలా కొంత దక్కింది.

మిత్ర గురించి చదివేవాళ్ళు అదే కాలంలో బొంబాయిలో పనిచేసిన కెమెరామన్ వి.కె. మూర్తిని కూడా చూడాలి. మైసూరు మనిషి, బెంగళూరు పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ చదివాడు, గురుదత్ సినిమాలు చేశాడు. 1959లో వచ్చిన 'కాగజ్ కే ఫూల్' మన దేశపు మొదటి సినిమాస్కోప్ (వెడల్పు తెర) సినిమా. అందులో 'వక్త్ నే కియా' పాటకు స్టూడియోలోకి ఏటవాలుగా దిగే వెలుతురు స్తంభం కావాలి. మూర్తి అద్దాలు పెట్టించి, బయటి ఎండను అద్దం నుంచి అద్దానికి తిప్పి లోపలికి తెచ్చాడు. చూడండి, ఆయన చేసిందీ బౌన్సే! మిత్ర వెలుతురును గుడ్డ మీద కొట్టి చెదరగొడితే, మూర్తి అద్దంతో దాన్ని ఇంకా గట్టిపరిచాడు. ఆ పాటలో ఇద్దరి మధ్య దూరం చూపించడానికి ఆ గట్టి కిరణమే కావాలి. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మూర్తికి ఇచ్చారు, ఆ అవార్డు అందుకున్న మొదటి కెమెరామన్ ఆయనే. మిత్రకు అది రాలేదు.

తెలుగులో ఈ సహజ వెలుతురు పిచ్చి బాగా కనపడింది 1975లో 'ముత్యాల ముగ్గు'తో. కెమెరామన్ ఇషాన్ ఆర్య, అంతకుముందు 'గరమ్ హవా' చేసినవాడు. బాపు గారి ఫ్రేములకు ఆయన తెచ్చిన బయటి వెలుతురుకు జాతీయ అవార్డు వచ్చింది. 'శంకరాభరణం'లో బాలూ మహేంద్ర పనితనం కూడా ఈ దారిలోదే. మిత్ర సినిమాలు చూశాక ఈ రెండూ మళ్ళీ చూస్తే ఇంతకుముందు కనపడనివి కనపడతాయి.

ఏ సినిమాతో మొదలుపెట్టాలంటే, 'అపరాజితో'తో. 'పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపూర్ సంసార్' అనే అపు మూడు సినిమాల అసలు నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి. వాటిని ఓపిగ్గా బాగుచేసి 2015లో కొత్త డిజిటల్ ప్రింట్లు తెచ్చారు. ఆ ప్రింటే చూడండి. నలిగిపోయిన పాత కాపీల్లో మీరు చూడాల్సిన బూడిద రంగుల తేడాలే ఉండవు. మొదటిసారి కథ కోసం చూసేయండి. రెండోసారి సౌండ్ తీసేసి, కాశీ ఇంటి సీన్లు మాత్రం. ప్రతి షాట్ దగ్గర ఆపి కళ్ళలో మెరుపు ఎక్కడుందో, ముక్కు నీడ ఎటు పడిందో చూసి, లైటు ఎక్కడుండి ఉంటుందో బొమ్మ గీయండి. తర్వాత 'జల్సాఘర్', ఆ తర్వాత 'చారులత'.

లైట్లు కొనే ముందు మీరు షూట్ చేయబోయే గదిలోకి లైట్లు లేకుండా వెళ్ళి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు కూర్చోండి. కిటికీ ఏ దిక్కున ఉంది, ఎండ నేల మీద పడి పైకి లేస్తోందా, ఎదురింటి గోడకు కొట్టుకుని వస్తోందా రాసుకోండి. అది రాసుకున్నాక మీ లైటు ఆ దిక్కు నుంచే రావాలి. గది గోడలకు పచ్చ రంగో గులాబీ రంగో ఉంటే వాటి మీద బౌన్స్ చేయకండి, ఆ రంగు చర్మానికి ఎక్కుతుంది. ఉతికిన తెల్ల దుప్పటి కట్టండి, నీలం మందు పెట్టనిది అయితే మంచిది. దుప్పటి ఎంత పెద్దదైతే అంత మేలు. రెండో వైపు నల్ల గుడ్డ వేలాడదీయండి, లేకపోతే ముఖం చప్పిడిగా ఉంటుంది. వెలుతురు పూర్తిగా పై నుంచే దిగితే కళ్ళు గుంటల్లా కనపడతాయి, అప్పుడు దుప్పటిని కొంచెం కెమెరా వైపుకు వాలుగా కట్టండి.

ఇక కొనడం అంటారా, మంచి ఎల్‌ఈడీ ఒక్కటి చాలు, కానీ పవర్ ఎక్కువ ఉన్నది కొనండి. చిన్న ప్యానెళ్ళు నాలుగు కొనే డబ్బుతో పెద్దది ఒకటి వస్తుంది. బౌన్స్‌లో సగానికి పైగా వెలుతురు పోతుంది కాబట్టి చిన్నవి ఈ పనికి ఆనవు. మిగిలిన డబ్బుతో స్టాండ్లు, క్లాంపులు, ఇసుక సంచులు తెచ్చుకోండి.